నియంత నీడలోనే గెలిచిన జట్టు: బర్మా ఫుట్‌బాల్ కథ

2008 ఆగస్టులో ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఛాలెంజ్ కప్ హైదరాబాద్‌కు వచ్చింది. వానలకు బురద బురదైన లాల్‌బహదూర్ స్టేడియంలో సెమీఫైనల్, భారత్‌కు ఎదురు మయన్మార్. ఎనభై నిమిషాలు దాటినా గోల్ పడలేదు. 82వ నిమిషంలో సునీల్ ఛెత్రి కొట్టిన గోల్‌తో భారత్ 1-0తో గట్టెక్కింది. ఫైనల్ నాటికి మైదానం ఆడే స్థితిలో లేకపోవడంతో ఆ మ్యాచ్‌ను ఢిల్లీకి మార్చారు. ఇది ఆసియాలో ఇంకా ఎదగాల్సిన దేశాల కోసం పెట్టిన టోర్నీ. ఈ రెండు జట్లూ అందులో ఆడాల్సి రావడమే విడ్డూరం. 1962 ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌ది. ఆ తర్వాత 1966లోనూ, 1970లోనూ స్వర్ణం బర్మాది, అంటే నేటి మయన్మార్‌ది.

బర్మా ఫుట్‌బాల్ పతనం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఒకే మాట చెబుతారు: సైన్యం వచ్చింది, దేశంతో పాటు ఆట కూడా పాడైంది. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ తేదీలు ఒప్పుకోవు. జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకున్నది 1962 మార్చి 2న. బర్మా గెలిచిన పెద్ద కప్పులన్నీ ఆ తర్వాతివే. 1964లో మలేషియా నిర్వహించిన మెర్డెకా కప్, 1966 ఆసియా క్రీడలు, 1968 ఆసియా కప్ రెండో స్థానం, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్, వరుసగా ఐదు ఆగ్నేయాసియా ద్వీపకల్ప క్రీడల (నేటి ఆగ్నేయాసియా క్రీడల) స్వర్ణాలు... అన్నీ నియంతృత్వం నీడలోనే జరిగాయి. ఆ గెలుపులు అప్పుడెలా సాధ్యమయ్యాయి, అదే పాలనలో ఆ తర్వాత ఎందుకు ఆగిపోయాయి అన్నదే అసలు ప్రశ్న.

ఆటను రంగూన్‌కు (నేటి యాంగాన్‌కు) తెచ్చింది బ్రిటిష్ వాళ్లే. 1870ల చివర్లో సెయింట్ జాన్స్ కాలేజీలో పనిచేసిన జేమ్స్ జార్జ్ స్కాట్ అక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పాడని చెబుతారు. ఈయనే తర్వాత షాన్ కొండల్లో బ్రిటిష్ పరిపాలనాధికారి అయ్యాడు. పిల్లలు ఇట్టే అందుకున్నారు, అందులో ఆశ్చర్యం లేదు. బర్మాలో అంతకు ముందు నుంచీ చిన్లోన్ ఉంది. బెత్తంతో అల్లిన బోలు బంతిని ఆరుగురు గుండ్రంగా తిరుగుతూ పాదం, మడమ, మోకాలు వాడి కింద పడకుండా ఆడతారు. గెలుపోటములు లేవు, ఎదుటి జట్టు లేదు. ఎంత ఒడుపుగా, ఎంత అందంగా తన్నారన్నదే లెక్క. చిన్నప్పటి నుంచి ఈ ఆట ఆడిన పిల్లవాడికి తోలు బంతిని కాలి మీద నిలుపుకోవడం కొత్తగా నేర్పనక్కర్లేదు.

వలస పాలన నాటి రంగూన్ ఒక కలగూర నగరం. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి తీరాల నుంచి వేలాది తెలుగువాళ్లు అక్కడి రేవులోనూ రైసుమిల్లుల్లోనూ కూలికి వెళ్లారు. 1930లో రేవులోని తెలుగు కూలీల సమ్మె బర్మీయులతో నెత్తుటి ఘర్షణగా మారింది. 1960ల జాతీయీకరణల తర్వాత లక్షల మంది భారత సంతతివాళ్లు ఆ దేశం వదిలారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ వలస మిగిల్చిన గుర్తే. అయితే ఆ కలగలుపు పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదు. బర్మా స్వర్ణయుగానికి ముఖచిత్రంగా నిలిచిన ఫార్వర్డ్ సుక్ బహదూర్ గూర్ఖా సంతతివాడు.

స్వాతంత్ర్యానికి ముందే, 1947లో, ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. 1950 ప్రపంచకప్ అర్హత పోటీల్లో బర్మా, భారత్ ఒకే గ్రూపులో పడ్డాయి. బర్మాతో పాటు మిగతా జట్లన్నీ తప్పుకోవడంతో భారత్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే అర్హత సాధించింది, ఆ తర్వాత తనూ బ్రెజిల్ వెళ్లలేదు. 1954 మనీలా ఆసియా క్రీడల్లో బర్మాకు కాంస్యం దక్కింది. 1961లో రంగూన్‌లోనే జరిగిన ద్వీపకల్ప క్రీడల ఫైనల్లో మలయా చేతిలో ఓడింది. అప్పటికి అది ఓ మోస్తరు జట్టు, అంతే.

కింద మాత్రం మరో పని జరుగుతోంది. ఆసియా యూత్ చాంపియన్‌షిప్ 1959లో మొదలైంది. 1961 నుంచి 1970 దాకా పదేళ్లలో బర్మా కుర్రాళ్లు దాన్ని ఏడుసార్లు గెలిచారు. అందులో నాలుగు ఇండోనేషియా, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్‌లతో పంచుకున్నవి, 1968, 69, 70లవి వరుసగా సొంతంగా గెలిచినవి. ఇప్పటికీ ఆ టోర్నీలో మయన్మార్ కంటే ఎక్కువ కప్పులున్నది దక్షిణ కొరియాకే. సీనియర్ జట్టు పతకాల కంటే ఈ ఏడు కప్పులే ఈ కథకు తాళంచెవి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఇక పెద్దవాళ్ల సంగతి. 1963లో హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కన్నుమూశాక భారత ఫుట్‌బాల్ మెల్లగా దిగజారడం మొదలైంది. సరిగ్గా ఆ ఖాళీలోకే బర్మా వచ్చింది. 1964 కౌలాలంపూర్ మెర్డెకా ఫైనల్లో భారత్‌ను 1-0తో ఓడించింది. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను అదే తేడాతో దాటి స్వర్ణం గెలిచింది. నాలుగేళ్ల తర్వాత మళ్లీ బ్యాంకాక్‌లోనే, సెమీస్‌లో భారత్‌ను 2-0తో ఇంటికి పంపింది. ఆ భారత జట్టు కెప్టెన్ హైదరాబాద్ కుర్రాడు సయ్యద్ నయీముద్దీన్. భారత్ కాంస్యంతో సరిపెట్టుకుంది. ఫైనల్లో దక్షిణ కొరియాతో ఎక్స్‌ట్రా టైమ్ ముగిసినా గోల్ పడక స్వర్ణాన్ని రెండు జట్లకూ ఇచ్చారు. ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల స్వర్ణం భారత్‌కు దక్కడం 1962తోనే ఆగిపోతే, బర్మాకు 1970తో ఆగిపోయింది.

ఈ విజయాల్లో అన్నిటికంటే బరువైనది మాత్రం స్వర్ణం రానిదే అనిపిస్తుంది. 1968లో టెహ్రాన్‌లో ఆసియా కప్ జరిగింది. ఐదు జట్లు, ప్రతి జట్టూ మిగతా నాలుగింటితో ఆడాలి. బర్మా ఆతిథ్య ఇరాన్ చేతిలో 1-3తో ఓడింది, తైవాన్‌తో 1-1 డ్రా చేసుకుంది, హాంకాంగ్‌ను 2-0తో గెలిచింది. అసలు విశేషం ఇజ్రాయెల్‌తో మ్యాచ్. ఇజ్రాయెల్ అప్పటి చాంపియన్. బర్మా ఆ జట్టును 1-0తో ఓడించి, పాయింట్ల పట్టికలో దాన్ని మూడో స్థానానికి నెట్టి, తను రెండో స్థానంలో నిలిచింది. రెండేళ్లు తిరిగేసరికి అదే ఇజ్రాయెల్ ఆసియా, ఓషియానియాల తరఫున మెక్సికోలో ప్రపంచకప్ ఆడింది. స్వీడన్‌తో 1-1, ఇటలీతో 0-0 డ్రా చేసుకుంది. ఆ ఇటలీయే చివరికి ఫైనల్ దాకా వెళ్లింది.

మరి బర్మా ఎక్కడ? అర్హత పోటీలకు పేరే ఇవ్వలేదు. 1954 నుంచి 1990 దాకా ఏ ప్రపంచకప్‌కూ ఇవ్వలేదు. ఆసియాలో అగ్రజట్టుగా వెలిగిన పదేళ్లలో బర్మా ఒక్కటంటే ఒక్క ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఆడలేదు. ఆడి ఉంటే మెక్సికో వెళ్లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఒక టోర్నీలో ఒక మ్యాచ్ గెలిచినంత మాత్రాన బలాబలాలు తేలిపోవు. కానీ ఆ తలుపు మీద చెయ్యి వేసి చూడకపోవడం మాత్రం జట్టు తప్పు కాదు. ‘సోషలిజానికి బర్మా మార్గం’ అంటూ బయటి ప్రపంచానికి తలుపులు బిగించుకున్న ప్రభుత్వానికి ఆసియా క్రీడలు, ఇరుగుపొరుగు కప్పులు సరిపోయాయి.

ఒలింపిక్స్ ఒక్కటే మినహాయింపు. 1972లో మ్యూనిక్ వెళ్లిన మూడు ఆసియా జట్లలో బర్మా ఒకటి, మిగతావి మలేషియా, ఇరాన్. గ్రూపులో సోవియట్ యూనియన్, మెక్సికో, సూడాన్ పడ్డాయి. సోవియట్ చేతిలో 0-1, మెక్సికో చేతిలో 0-1, సూడాన్ మీద 2-0. ఆ సోవియట్ జట్టు కాంస్యం గెలిచిందని గుర్తుంచుకుంటే ఒక్క గోల్ తేడా ఎంత గొప్పో అర్థమవుతుంది. ఆ రోజుల్లో జట్టు కోచ్ బెర్ట్ ట్రౌట్‌మన్. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ పారాట్రూపర్, తర్వాత ఇంగ్లండ్‌లో యుద్ధఖైదీ, ఆపైన మాంచెస్టర్ సిటీ గోల్‌కీపర్. 1956 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మెడ ఎముక విరిగినా ఆఖరి విజిల్ దాకా గోల్‌పోస్టు ముందు నిలబడ్డ మనిషి. అభివృద్ధి చెందుతున్న దేశాలకు కోచ్‌లను పంపే పశ్చిమ జర్మనీ కార్యక్రమం కింద రంగూన్ చేరాడు. విదేశీయులకు వీసా ఇవ్వడానికే వెనకాడే దేశంలో జాతీయ జట్టు పగ్గాలు ఓ జర్మన్ చేతిలో ఉండటం ఆ పాలనలోని వింతల్లో ఒకటి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. నియంతృత్వంలో ఈ గెలుపులు ఎలా వచ్చాయి?

ఒక సమాధానం వయసుల లెక్కలో ఉంది. 1966 నుంచి 1970 మధ్య ఆడిన ఆటగాడు ఇరవై రెండు, ఇరవై ఎనిమిదేళ్ల మధ్య వాడనుకుంటే, 1938-48 మధ్య పుట్టి ఉండాలి. అంటే అతడు బంతి నేర్చుకున్నది 1950లలో, ఎన్నికలు, పార్లమెంటు, ప్రధాని ఊ నూ ప్రభుత్వం ఉన్న రోజుల్లో. మిషనరీ బడులు, ప్రైవేటు బడులు, వాటి మధ్య పోటీలు అప్పటికింకా నడుస్తున్నాయి. ఆ బడులను సైనిక ప్రభుత్వం 1960ల మధ్యలో జాతీయం చేసింది. చెట్టు నాటింది ఒకరు, కాయలు కోసింది మరొకరు.

రెండో సమాధానం ఆసియా ఫుట్‌బాల్‌ది. 1960లలో ఈ ఖండంలో ఆటకు పెద్దగా డబ్బు లేదు. కొరియా ఆటగాళ్లు బ్యాంకుల్లో, జపాన్ ఆటగాళ్లు ఫ్యాక్టరీల్లో, భారత ఆటగాళ్లు రైల్వేల్లో ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్లు. బర్మాలో సైన్యం, ప్రభుత్వ శాఖలు జీతమిచ్చి ఆడించేవి. అందరూ ఔత్సాహికులే అయినప్పుడు తలుపులు మూసుకున్న దేశానికి పెద్ద నష్టమేమీ లేదు. పైగా ప్రభుత్వమే జట్టును ఒకచోట కూర్చి నెలల తరబడి సాధన చేయించగలిగితే అదొక లాభం. తూర్పు ఐరోపా సోషలిస్టు దేశాలు ఒలింపిక్స్‌లో పతకాలు దండుకున్నదీ ఈ దారిలోనే.

1970లు వచ్చేసరికి ఈ లెక్క తలకిందులైంది. 1973 చమురు ధరల పెరుగుదలతో గల్ఫ్ దేశాల చేతిలో డబ్బు చేరింది. కువైట్ బ్రెజిల్ నుంచి జగాలోను, తర్వాత పరేరాను కోచ్‌లుగా తెచ్చుకుని 1980లో ఆసియా కప్ గెలిచింది, 1982లో ప్రపంచకప్ ఆడింది. 1966 ఫైనల్లో బర్మా చేతిలో ఓడిన ఇరాన్ 1978లో అర్జెంటీనా ప్రపంచకప్‌లో ఉంది. కొరియా 1983లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టింది. ఆట ఇక ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఆడేది కాదు. పోషకాహారం, వైద్యం, విదేశీ పర్యటనలు, మంచి మైదానాలు, వీటన్నిటికీ విదేశీ మారకం కావాలి. 1974 నాటికే బియ్యం కొరత మీద కార్మికులు వీధుల్లోకొచ్చిన దేశంలో అదెక్కడిది? 1987 సెప్టెంబరులో 25, 35, 75 చాట్ (బర్మా కరెన్సీ) నోట్లను పైసా పరిహారం లేకుండా రద్దు చేసి, 45, 90 నోట్లు తెచ్చారు. అదే ఏడాది చివర్లో ఐక్యరాజ్యసమితి బర్మాను అత్యంత వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది.

అందుకే ఆ ఏడు యూత్ కప్పులు ముఖ్యం. 1968-70లలో ఆసియాను గెలిచిన కుర్రాళ్లు 1976-77 నాటికి సరిగ్గా పండిన వయసులో ఉండాలి. కానీ 1973 సింగపూర్ క్రీడల తర్వాత సీనియర్ జట్టుకు ద్వీపకల్ప స్వర్ణం మళ్లీ రాలేదు, ఇప్పటి వరకూ రాలేదు. ప్రతిభ ఎండిపోయి జట్టు పడిపోలేదన్నమాట. పంతొమ్మిదేళ్లకు ఖండంలోనే మేటి అయిన ఆటగాణ్ని ఇరవై ఆరేళ్లకు అక్కడే నిలబెట్టగల వ్యవస్థ దేశంలో లేదు. సైన్యం ఆటను ఒక్కరోజులో చంపలేదు, దాన్ని ఎదగనివ్వలేదు.

1988 తిరుగుబాటు, దాని అణచివేత, 1989లో దేశం పేరు మయన్మార్‌గా మార్పు. మధ్యలో ఫుట్‌బాల్ ఊసే పెద్దగా లేదు. 1993 సింగపూర్ క్రీడల ఫైనల్లో ఓ మెరుపు మెరిసింది కానీ థాయ్‌లాండ్ 4-3తో గెలిచింది. 2007లోనూ, 2015లోనూ కూడా ఫైనల్ దాకా వెళ్లి థాయ్‌లాండ్ చేతిలోనే ఓడింది. 1965లో స్వర్ణాన్ని పంచుకున్న ఇరుగుపొరుగు దేశాలివి. అన్నట్టు ఈ కాలంలో కాస్త నిలకడగా గెలిచింది మహిళల జట్టు. 2004లో, 2007లో ఆగ్నేయాసియా విజేత అదే.

ప్రపంచకప్ సంగతి ఇంకా విచిత్రం. 2002 అర్హత పోటీలకు పేరిచ్చి ఆడకుండా తప్పుకోవడంతో 2006 పోటీలకు ఫిఫా రానివ్వలేదు. చివరికి 2007 అక్టోబరులో మయన్మార్ తన మొట్టమొదటి అర్హత మ్యాచ్ ఆడింది. చైనా చేతిలో 0-7. స్వర్ణయుగం ముగిసిన మూడు దశాబ్దాల తర్వాత తొలి మ్యాచ్! 2011లో ఒమన్‌తో యాంగాన్ మ్యాచ్‌లో ప్రేక్షకులు వస్తువులు విసరడంతో 39వ నిమిషంలోనే ఆట నిలిపేశారు. 2018 పోటీల నుంచి ఫిఫా వేటు వేసి, అప్పీలు మీద దాన్ని తగ్గించి, సొంత మ్యాచ్‌లు పరాయి గడ్డ మీద ఆడాలంది. 2013లో సొంతగడ్డ మీద జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో ఇండోనేషియా చేతిలో ఓడి గ్రూపు దశలోనే వెనుదిరిగినప్పుడు అభిమానులు కుర్చీలు పీకేశారు. దీన్ని అల్లరిమూకల పనిగా కొట్టిపారేయడం సులువే. గుంపు కట్టడమే నేరమైన దేశంలో జనం గొంతెత్తి అరవగలిగిన చోటు స్టేడియం ఒక్కటే అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పటి ప్రొఫెషనల్ లీగ్ పుట్టిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. అంతకు ముందు మంత్రిత్వశాఖల జట్లదే రాజ్యం. ఆర్థిక, రెవెన్యూ శాఖ జట్టు ఏళ్ల తరబడి లీగ్ గెలిచింది. 2009లో వ్యాపారవేత్తల యాజమాన్యంలో క్లబ్బులతో మయన్మార్ నేషనల్ లీగ్ మొదలైంది. వికీలీక్స్ బయటపెట్టిన అమెరికా దౌత్య కేబుల్ ఒకటి దీని వెనక కథ చెబుతుంది. అప్పటి సైనిక పాలకుడు సీనియర్ జనరల్ థాన్ ష్వే, మనవడి ప్రోద్బలంతో, వంద కోట్ల డాలర్లకు మాంచెస్టర్ యునైటెడ్‌ను కొనాలని ఆలోచించాడట. 2008 మేలో నర్గీస్ తుపానులో లక్షకు పైగా జనం పోయిన కొన్నాళ్లకే ఇలాంటి పని బాగుండదని విరమించుకుని, బదులుగా దేశంలోనే లీగ్ పెట్టమని వ్యాపారులను ఆదేశించాడట. కేబుల్‌లోని మాటలు ఆ రాయబార కార్యాలయం విన్న మాటలే, వాటిని అంతవరకే తీసుకోవాలి. ఏదేమైనా లీగ్ వచ్చింది, ఆటగాళ్లకు జీతాలు వచ్చాయి.

ఫలితం త్వరగానే కనిపించింది. 2014 ఆసియా అండర్-19 పోటీలను మయన్మారే నిర్వహించింది. కుర్రాళ్లు క్వార్టర్స్‌లో యూఏఈని ఓడించి సెమీస్ చేరి, 2015 న్యూజిలాండ్ అండర్-20 ప్రపంచకప్‌కు అర్హత సాధించారు. అక్కడ అమెరికా చేతిలో 1-2, ఉక్రెయిన్ చేతిలో 0-6, న్యూజిలాండ్ చేతిలో 1-5. ఓటములే అయినా మయన్మార్ ఫుట్‌బాల్ ఏ స్థాయిలోనైనా ఫిఫా ప్రపంచకప్ ఆడటం అదే మొదలు. కథ మళ్లీ 1960ల దారిలో కుర్రాళ్ల నుంచి మొదలైనట్టే కనిపించింది. కానీ 2017 మార్చిలో యాంగాన్‌లో ఆసియా కప్ అర్హత మ్యాచ్‌లో భారత్ మీద డ్రా అవుతుందనుకున్న ఆటను చివరి క్షణాల్లో ఛెత్రి మళ్లీ లాగేసుకున్నాడు. ఆసియా కప్‌ను 24 జట్లకు పెంచాక కూడా 2019లో మయన్మార్‌కు చోటు దొరకలేదు. 1968 తర్వాత ఆ టోర్నీ ముఖం చూడలేదు.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ వచ్చింది. ఈసారి ఆట పక్కన ఉండిపోలేదు. సైనిక పాలన కింద జాతీయ జట్టుకు ఆడేది లేదని పలువురు ఆటగాళ్లు శిబిరానికి రాలేదు. మిగిలినవాళ్లతో మే 28న జపాన్‌లోని చిబాలో ప్రపంచకప్ అర్హత మ్యాచ్ ఆడితే 0-10. గీతాలాపన సమయంలో రిజర్వ్ గోల్‌కీపర్ ప్యే లియాన్ ఆంగ్ నిరసనకారుల గుర్తయిన మూడు వేళ్లను కెమెరా వైపు చూపించాడు. ఆ వేళ్ల మీద ‘మాకు న్యాయం కావాలి’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు రాసుకున్నాడు. జట్టుతో తిరిగి వెళ్లనని ఎయిర్‌పోర్టులో అధికారులకు చెప్పి ఆశ్రయం కోరాడు. కొన్ని నెలలకే జపాన్ అతణ్ని శరణార్థిగా గుర్తించింది.

1962కూ 2021కీ ఇక్కడే తేడా. నె విన్ కాలంలో ఆటగాడికి సైన్యం, ప్రభుత్వ శాఖ తప్ప వేరే దిక్కు లేదు, సరిహద్దు దాటి ఆడే అవకాశం అసలే లేదు. ఇప్పుడు థాయ్ లీగ్ ఆగ్నేయాసియా ఆటగాళ్లకు ప్రత్యేక కోటా పెట్టింది. చౌ కో కో, ఆంగ్ థు లాంటి మయన్మార్ మేటి ఫార్వర్డ్‌లు ఇప్పటికే అక్కడి క్లబ్బులకు ఆడారు. దేశం ఆటగాడికి ఇవ్వలేని వైద్యం, మైదానం, జీతం పక్క దేశం ఇస్తోంది. వాళ్లకు అవసరమైంది అదే. జాతీయ జట్టుకు మాత్రం వాళ్లు శిబిరాలకు రావాలి, స్వదేశంలో అభిమానుల ముందు ఆడగలగాలి, కింది నుంచి కొత్త కుర్రాళ్లు రావాలి. అంతర్యుద్ధం జిల్లా జిల్లాకూ పాకిన దేశంలో ఆ మూడోది జరగడం అన్నిటికంటే కష్టం.